చిన్నాయన కంప్యూటర్‌లో విండోస్ వెర్షన్‌ను నిలిపి ఉంచిన తీరు

కడప ఎర్రముక్కపల్లెలో మా చిన్నాయన తన ఇంటి ముందు గదిలోనే ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ పని చేస్తున్నారు. పెళ్లి పత్రికలు, గృహప్రవేశ ఆహ్వానాలు, పెద్ద దర్గా ఉరుసుకు వేసే కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు అన్నీ ఆ గదిలోని ఒకే కంప్యూటర్ మీద తయారవుతాయి. ఆయన వాడేది 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0, దానికి తోడుగా అను తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్‌కు ఆ తరువాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా మన జిల్లాల్లోని చిన్న ప్రెస్సులు దాన్ని వదలలేదు. ఇన్నేళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి, వేళ్లు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి, పక్క ప్రెస్సుకు పంపిన ఫైలు అక్కడ కూడా అదే రూపంలో తెరుచుకుంటుంది.

2019 మాఘ మాసంలో, చేతిలో ఐదు పెళ్లి పత్రికల పని ఉన్న సమయంలో, కంప్యూటర్ నెమ్మదించిందని చిన్నాయన క్యాబినెట్‌ను ఒక మరమ్మతు దుకాణానికి పంపించారు. దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి ఇస్తారని ఆయన అనుకున్నారు. సాయంత్రం క్యాబినెట్‌ను తెచ్చి బిగించిన కుర్రవాడు, "కొత్త విండోస్ ఏసినా సార్, ఇంగ చూడు స్పీడు" అని సంతోషంగా చెప్పి వెళ్లిపోయాడు. డీ డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ క్షేమంగానే ఉన్నాయి. కానీ పత్రిక ఫైలు తెరిచినప్పుడు, "దేవుని కడప శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి వారి కృపతో" అని ఉండవలసిన మొదటి పంక్తిలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. దాని స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, వాటి నడుమ డిగ్రీ గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న యూరోపు అక్షరాలు వరుసగా నిలబడి ఉన్నాయి. అను వంటి పాత ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతికి ముందరివి. తెలుగు అక్షరపు ఆకారాన్ని ఇంగ్లీషు అక్షరానికి కేటాయించిన స్థానంలో కూర్చోబెట్టి ఇవి పనిచేస్తాయి కాబట్టి, ఫాంటు లేకపోతే అక్షరం మారడం కాదు, భాషే మాయమవుతుంది.

ఫాంట్ల సంగతి ఒక రాత్రిలో తేలింది. పాత లేజర్ ప్రింటర్ సంగతి మాత్రం తేలలేదు. అంతకు ముందు ఉన్నది 32 బిట్ విండోస్ 7, దుకాణంలో వేసినది 64 బిట్ విండోస్ 10. ప్రింటర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, 32 బిట్‌ది మాత్రమే ఉంది. అది 64 బిట్ సిస్టమ్‌లో పనిచేయదు. ఐదు పత్రికల్లో మూడింటిని చిన్నాయన వేరే ప్రెస్సుకు అప్పగించి, ఆ తేడా డబ్బులు తన జేబులో నుంచి కట్టారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. "నన్నొగ మాట అడిగింటే పోయేది గదా అబ్బీ, నేనేమన్నా వద్దంటినా, పెండ్లిండ్లు అయిపోనీ అందును, అంతే గదా" అన్నారు. ఈ వ్యాసం మొత్తానికి ఆ మాటే ఆధారం. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ చెడ్డదని నేను అనడం లేదు. అది ఏ రోజు రావాలన్నది ఆ కంప్యూటర్ మీద బతుకుతున్న మనిషి నిర్ణయించాలి.

ఆ తరువాత నేను ఈ విషయాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాను. అందులో మొదట గ్రహించినది ఏమిటంటే, "అప్‌డేట్" అనే ఒకే మాట కింద రెండు వేరువేరు పనులు జరుగుతున్నాయి. ప్రతి నెలా రెండవ మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసేవి భద్రతా సవరణలు. ఇవి ఉన్న సిస్టమ్‌లోని లోపాలను పూడుస్తాయి. రెండవది వెర్షన్ మార్పు; విండోస్ 10 నుంచి విండోస్ 11కు వెళ్లడం గానీ, విండోస్ 11లోనే ఏడాదికొకసారి వచ్చే కొత్త వెర్షన్‌కు వెళ్లడం గానీ దీని కిందికి వస్తాయి. మన పల్లెల్లో మట్టి మిద్దెలు చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. వానలకు ముందు మిద్దె మీద చవుడు పోసుకోవడం వేరు, మిద్దెను దించి కొత్త ఇల్లు కట్టుకోవడం వేరు. చవుడు పోయడం ఎవరూ మానుకోరాదు. ఇల్లు కట్టడం మాత్రం చేతిలో డబ్బు, సమయం చూసుకుని చేసుకునే పని.

ఈ తేడా తెలియక చాలామంది చేసే పని ఏమిటంటే, సర్వీసుల జాబితా తెరిచి విండోస్ అప్‌డేట్ సర్వీసునే పూర్తిగా ఆపివేయడం. నెట్ సెంటర్లలోనూ, ప్రెస్సుల్లోనూ ఇది ఆనవాయితీగా మారింది. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, అది వాడుకున్న లోపానికి సవరణ ఆ ఏడాది మార్చి 14నే విడుదలై ఉంది. రెండు నెలలపాటు సవరణ అందుబాటులో ఉండి కూడా వేసుకోని యంత్రాలే దానికి దొరికిపోయాయి. వాటిలో అత్యధికం విండోస్ 7 ఉన్నవి. పత్రికల ఫైళ్లతో పెన్‌డ్రైవ్‌లు రోజుకు పది వచ్చిపోయే గదిలో సవరణలు ఆపివేయడమంటే తలుపు తీసి పెట్టి పడుకున్నట్టే.

అయితే జనం అప్‌డేట్‌ను మొత్తంగా ఆపేసే స్థితికి ఎందుకు వచ్చారన్నది కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 2015 జులై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు, విండోస్ 7, 8.1 ఉన్నవారికి ఒక ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని ప్రకటించారు. ఆ ఆహ్వానాన్ని తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాం, కేబీ3035583 అనే సంఖ్యతో, మామూలు సవరణల మాదిరిగానే కంప్యూటర్లలోకి వచ్చి చేరింది. 2016 ఫిబ్రవరిలో విండోస్ 10ను "సిఫారసు చేసిన అప్‌డేట్" వర్గంలోకి మార్చారు. సిఫారసు చేసినవాటిని ఆటోమేటిక్‌గా తీసుకునే సెట్టింగు ఉన్న యంత్రాల్లో దాని ఇన్‌స్టాలేషన్ దానంతట అదే మొదలయ్యేది. ఆ ఏడాది వేసవికి వచ్చేసరికి తెర మీద వచ్చే ఆ ఆహ్వానపు పెట్టెలోని ఎర్ర ఇంటూ గుర్తు నొక్కినా, అప్పటికే ఖరారు చేసి ఉంచిన తేదీ రద్దు కాలేదు. ఇరవై ఏళ్లుగా ఇంటూ గుర్తు నొక్కితే వద్దన్నట్టేనని నేర్చుకున్న మనిషికి, ఇక్కడ మాత్రం సరేనన్నట్టు లెక్క. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒక మహిళ, తాను కోరని అప్‌గ్రేడ్ వల్ల కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లి 10,000 డాలర్ల తీర్పు పొందారు. 2016 జూన్‌లో ఆ వార్త బయటికి వచ్చాక, స్పష్టంగా "వద్దు" అని చెప్పే మీటను ఆ పెట్టెలో చేరుస్తామని సంస్థ ప్రకటించింది.

ఆ కాలంలో మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. 2016 సెప్టెంబరులో జియో రాకముందు ఒక జీబీ మొబైల్ డేటాకు సుమారు 250 రూపాయలు పెట్టవలసి వచ్చేది. డాంగుల్ మీద ఇంటర్నెట్ నడుపుకునే ఇంట్లో, మూడు నాలుగు జీబీల ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ముందుగానే దిగి కంటికి కనపడని ఫోల్డర్‌లో కూర్చోవడం అంటే నెల డేటా ఒక్క రాత్రిలో అయిపోవడమే. ఇప్పుడు డేటా చవక కాబట్టి ఆ బాధ చాలామందికి గుర్తుండకపోవచ్చు.

ఇక మేము చేసిన ఏర్పాటుకు వస్తాను. 2020లో చిన్నాయనకు కొత్త యంత్రం, కొత్త ప్రింటర్ కొన్నాము. అందులో విండోస్ 10 ప్రో ఎడిషన్ ఉంది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది. దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, ఇంటెల్‌లో అయితే కొన్ని మినహాయింపులతో ఎనిమిదవ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలని షరతులు పెట్టారు. ఈ షరతులకు తూగని పాత యంత్రాలకు ఆహ్వానమే రాదు, కాబట్టి అలాంటివారు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. మా యంత్రం అన్నిటికీ తూగింది. ఒకరోజు తెరచేసరికి విండోస్ 11కు రమ్మని తెర నిండా ఆహ్వానం కనిపించింది. చిన్నాయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, నాకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా కుర్చీలోనే కూర్చున్నారు.

ఆ తెరలో కిందివైపు, పెద్ద నీలి మీటకు పక్కన, ఆహ్వానాన్ని తిరస్కరించి విండోస్ 10లోనే ఉంటానని చెప్పే వీలు చిన్న అక్షరాలతో ఉంటుంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో కూడా ఇటువంటి ఎంపికే కనిపిస్తుంది. దాన్ని నొక్కితే సరిపోతుంది, కానీ అది ఆ పూటకు చెప్పిన సమాధానం మాత్రమే. ఆహ్వానం మళ్లీ వస్తుంది. అది వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుని ఉంటారో చెప్పలేము. పదవ తరగతి చదివే మనవరాలు కావచ్చు, పత్రిక ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు కావచ్చు.

అందుకని శాశ్వతానికి దగ్గరగా ఉండే మార్గాన్ని ఎంచుకున్నాము. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ అనే పనిముట్టు ఉంటుంది. స్టార్ట్ మెనూలో దాని పేరు వెతికి తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో విండోస్ కాంపొనెంట్స్, అందులో విండోస్ అప్‌డేట్, దాని కింద విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్ దాకా వెళ్లితే, కావలసిన ఫీచర్ అప్‌డేట్ వెర్షన్‌ను ఎంచుకోమనే పాలసీ ఒకటి ఉంది. దాన్ని ఎనేబుల్ చేసి, మొదటి గడిలో విండోస్ 10 అని, రెండవ గడిలో దాని చివరి వెర్షన్ అయిన 22హెచ్2 అని ఇంగ్లీషులో రాయాలి. అంతే. ఆ రోజు నుంచి ఆ యంత్రానికి నెలనెలా భద్రతా సవరణలు వస్తూనే ఉన్నాయి. విండోస్ 11 మాత్రం రాలేదు. విండోస్ 11లో ఉంటూ అందులోనే ఒక వెర్షన్ వద్ద నిలవదలచినవారికి కూడా ఇదే పాలసీ పనికి వస్తుంది, మొదటి గడిలో విండోస్ 11 అని రాయాలి. అక్కడ మెనూలో దాని చోటు మాత్రం కొంచెం మారి, విండోస్ అప్‌డేట్ నుంచి వచ్చేవాటిని నిర్వహించే ఫోల్డర్‌లో ఉంటుంది.

హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు. పాలసీ చేసే పని లోపల చూస్తే చాలా చిన్నది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో లోకల్ మెషిన్ విభాగం కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్‌అప్‌డేట్ అనే వరుసలో మూడు విలువలు రాసి పెడుతుంది: ప్రోడక్ట్‌వెర్షన్‌లో సిస్టమ్ పేరు, టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌లో 1, టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్ఫోలో 22హెచ్2. భద్రతా రంగంలో పేరున్న స్టీవ్ గిబ్సన్ రాసిన ఇన్‌కంట్రోల్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఇవే విలువలను ఒక మీటతో రాస్తుంది, ఇంకో మీటతో తీసివేస్తుంది. 2016లో విండోస్ 10 ఆహ్వానాలను ఆపడానికి నెవర్10 రాసినది కూడా ఈయనే. అధికారికంగా ఈ పాలసీ ప్రో, ఆపై ఎడిషన్ల కోసం ఉద్దేశించినదని మాత్రం గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రీలో చేయి పెట్టే ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడం తప్పనిసరి.

దీనికి తోడుగా చేసుకోదగిన చిన్న ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. కొత్తవి రాగానే ముందుగా నాకు ఇవ్వమనే మీట విండోస్ అప్‌డేట్ పేజీలో ఉంటుంది, దాన్ని ఆపి ఉంచాలి. అదే పేజీలో ఐచ్ఛికంగా చూపించే కొత్త వెర్షన్ పక్కన ఉండే డౌన్‌లోడ్ లింకును నొక్కకూడదు. విండోస్ 10లో అప్‌డేట్లను గరిష్ఠంగా 35 రోజులు వాయిదా వేయవచ్చు, ఆ గడువు తీరాక పెండింగ్‌లో ఉన్నవి వేసుకున్న తరువాతే మళ్లీ వాయిదా వేయనిస్తుంది; పెళ్లిళ్ల నెలకు అది చాలు. కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే పరిమిత డేటా ఉన్నదిగా, గుర్తిస్తే పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి గానీ, అది డేటా ఆదాకు పనికివచ్చే ఏర్పాటు, వెర్షన్‌కు కాపలా కాదు. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో టీపీఎమ్‌ను ఆపివేస్తే యంత్రం విండోస్ 11కు అనర్హమవుతుందని కొందరు చెబుతారు. అది నిజమే అయినా, డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉన్న కంప్యూటర్‌లో అలా చేస్తే రికవరీ కీ అడిగి నిలిచిపోతుంది. ఆ కీ ఎక్కడ ఉందో తెలియని ఇంట్లో ఆ పని చేయవద్దని నా విన్నపం.

ఒకవేళ అప్పటికే మారిపోతే? కొత్త వెర్షన్ ఎక్కిన నాటి నుంచి 10 రోజుల లోపల సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీ నుంచి వెనక్కి వెళ్లవచ్చు. పాత సిస్టమ్ అంతా సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. డిస్కులో చోటు చాలడం లేదని ఎవరైనా దాన్ని తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఆ 10 రోజుల లోపలే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ అనే ఆదేశంతో ఈ గడువును 60 రోజుల దాకా పొడిగించుకునే వీలుంది. అయితే 2019లో చిన్నాయన కంప్యూటర్‌కు జరిగినట్టు 32 బిట్ నుంచి 64 బిట్‌కు మార్చి ఉంటే వెనక్కి దారి లేదు, ఎందుకంటే ఆ రెండింటి మధ్య నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు. సీ డ్రైవ్‌ను కొత్తగా రాయడమే జరుగుతుంది. దుకాణానికి ఇచ్చేటప్పుడు క్యాబినెట్ మీద కాగితం అంటించి, "యజమానిని అడగకుండా ఆపరేటింగ్ సిస్టమ్ మార్చరాదు" అని రాసి పంపడం మేము అప్పటి నుంచి చేస్తున్న పని.

కొత్త వెర్షన్ విడుదలైన మొదటి వారాల్లో దూరంగా ఉండటం పిరికితనం కాదని చెప్పడానికి 2018 చాలు. ఆ ఏడాది అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 1809 వెర్షన్ కొందరి యంత్రాల్లో డాక్యుమెంట్లను, ఫొటోలను తొలగించింది. కొద్ది రోజుల్లోనే విడుదలను నిలిపివేసి, సరిచేసి, నవంబరు 13న మళ్లీ ఇచ్చారు. నష్టపోయినవారు మొత్తంలో అతి తక్కువ శాతమే. ఆ తక్కువ శాతంలో ఉన్న ఇంటికి మాత్రం పోయినవి తమ పిల్లల ఫొటోలు.

నిలిపి ఉంచడానికి కూడా ఒక హద్దు ఉంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత భద్రతా సవరణలు కావాలంటే పొడిగింపు పథకంలో చేరాలి; వ్యక్తిగత వాడకందారులకు అది 2026 అక్టోబరు 13 వరకు వర్తిస్తుంది. 30 డాలర్లకు సమానమైన మొత్తం కట్టి గానీ, 1000 రివార్డ్ పాయింట్లు ఇచ్చి గానీ, విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులను ఖాతాకు జతచేసి గానీ చేరవచ్చు. యంత్రం 22హెచ్2లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. ఈ పథకం కింద వచ్చేవి భద్రతా సవరణలు మాత్రమే, కొత్త సదుపాయాలేవీ రావు. చిన్నాయనకు కావలసింది కూడా సరిగ్గా అదే. పత్రిక దస్త్రాలను వదిలేసి సెట్టింగులను మాత్రమే జతచేసి ఆయనను అందులో చేర్పించాము.

ఆ ఏడాది గడువు మాకు పరీక్షించుకునే సమయం ఇచ్చింది. నేను ఇంకో ఎస్ఎస్‌డీ డిస్కు కొని, చిన్నాయన డిస్కును యథాతథంగా దాని మీదికి నకలు తీసి, అసలు డిస్కును బీరువాలో పెట్టి, నకలు మీద విండోస్ 11 ఎక్కించాను. యూపీఎస్ బ్యాటరీ ముందుగానే మార్చాము, మధ్యలో కరెంటు పోతే ప్రయోగం మొత్తం వృథా అవుతుంది కాబట్టి. ఆ ఆదివారం మధ్యాహ్నం చిన్నాయన తాను 2008లో వేసిన మా అక్క పెళ్లి పత్రికను తెరిచారు. అక్షరాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఒక్కొక్క పంక్తిని వేలితో తెర మీద చూపిస్తూ, "క్ష"కు కింద ఒత్తు సరిగా కూర్చుందో లేదో, "శ్రీ" మీద గుడిదీర్ఘం పక్కకు జరిగిందో లేదో చూసుకుంటూ చివరిదాకా చదివారు. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, పాత ప్రింటుపై పెట్టి కిటికీ వెలుతురులో పట్టి చూశారు. రెండూ కలిశాయి. బిల్లులు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మాత్రం పలకలేదు. దానికి వేరే దారి వెతకాలి, లేదా బిల్లులు చేతితో రాసుకోవాలి.

అసలు డిస్కును మళ్లీ బిగించాము. అది ఇప్పటికీ 22హెచ్2లోనే ఉంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ప్రెస్సు పని పలచబడుతుంది, అక్టోబరు గడువుకు అది ముందే వస్తుంది. చిన్నాయన గోడ క్యాలెండర్‌లో ఆషాఢంలోని మొదటి ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టి, పక్కన "కంప్యూటర్" అని రాసుకున్నారు.